సౌండుకి డ్రైవర్ దొరకలేదు

అధ్యక్ష స్థానంలో కూర్చుని, ఇందాకటి నుంచి గోడ గడియారం వంక చూడకుండా ఎంతో ఓర్పు చూపిస్తున్న మా మేనేజరుగారికి, పక్కనే ఉన్న పెద్ద కెమిస్టుగారికి, ఎప్పుడో రిటైరైపోయి కూడా ఈ పూట పనిగట్టుకుని వచ్చిన పెద్దలకు, నాతోపాటు ఈ ల్యాబులో రోజూ నీళ్ల సీసాల మధ్య బతికే మిత్రులందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చోమంటే వినకుండా, తలుపు పక్క కుర్చీలో అంచు మీద కూర్చున్న ఇవాళ రిటైరవుతున్న పెద్దమనిషికి, మన వ్యాను డ్రైవరుగారికి, మీరంతా నెమ్మది బాబాయి అని పిలుచుకునే ఆయనకి మరీ ప్రత్యేకంగా నమస్కారం. మాటిమాటికీ లేచి కిటికీలోంచి చూడకండి, వ్యానుని ఎవరూ ఎత్తుకుపోరు. (నవ్వులు)

మీ అందరికీ ఆయన బాబాయి. నాకు మాత్రం అన్నయ్య. ఈ వరస మధ్యలో ఎలా మారిందో చెప్పి దిగిపోతాను. రిపోర్టులు టైపు చేసేదానికి మైకు ఇస్తే ఇలాగే ఉంటుంది, పేరా ఎక్కడ ఆపాలో తెలియదు, కాస్త భరించండి.

నాకంటే ముందు మాట్లాడినవాళ్లు ఆయన డ్రైవింగు గురించి చెప్పారు. ఊరి నలుమూలల నుంచి కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, చెరువు నీళ్లు గాజు సీసాల్లో నింపుకుని వ్యాను మన గేట్లోకి వస్తుంది. ఇంకెవరు తోలినా వీధి మలుపు నుంచే గలగల వినిపిస్తుంది. ఆయన తోలితే వచ్చినట్టే తెలియదు. గతుకు కనపడితే బండి ఆపి, దాన్ని పలకరించి, దాని అనుమతి తీసుకుని దాటిస్తారని మనం ఏడిపించేవాళ్లం. 'నెమ్మది బాబాయ్' అన్న పేరు అలా వచ్చిందే. పెద్ద కెమిస్టుగారైతే, ఈయన వచ్చారా లేదా అన్నది చెవులతో కాదు, కళ్లతో చూసుకోవాలి అనేవారు. అలాంటి మనిషిని, చప్పుడంటే గిట్టని మనిషిని, చప్పుడు రావడం లేదని మా ఇంటికి పంపించిన ఘనురాలిని నేను. (నవ్వులు)

మా ఇంట్లో ఒక కంప్యూటరు ఉంది. పెళ్లైన కొత్తలో మావారు ముచ్చటపడి కొన్నది. తెర, పెట్టె, స్పీకర్లు అన్నీ ఒక్కదాంట్లోనే ఉండే రకం. ఒకరోజు దాని తెర మీద, ఈ మోడల్‌కి ఇకమీదట సపోర్ట్ ఉండదు అని రాసి వచ్చింది. చేసినవాళ్లే చేతులు దులుపుకున్నారన్నమాట. రిపేరు షాపాయన దాన్ని చూసి, డాక్టరు బంధువుల్ని పక్కకి పిలిచినట్టు మమ్మల్ని పక్కకి పిలిచి, "బాగు చేయించే ఆలోచన పెట్టుకోకండమ్మా" అన్నాడు. మావారు సరేనన్నారు. మా మావయ్య, అంటే మావారి నాన్నగారు, ససేమిరా అన్నారు.

మావయ్య రేడియో మెకానిక్. ఆయన కొట్టు ముందు ఒకప్పుడు మూగబోయిన రేడియోలు బారులు తీరి ఉండేవట. "పలకనిదంటూ ఉండదు, పలికించేవాడు రావాలంతే" అనేది ఆయన మాట. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు కలిసి తయారుచేసి ఊరికే పంచిపెట్టే, కంప్యూటరుని నడిపించే ఇంకో సిస్టం ఉందని, అది పాత యంత్రాల మీద కూడా నడుస్తుందని ఆయన చదివి తెలుసుకున్నారు. తీరా చూస్తే మా పెట్టె పేరు వాళ్ల పట్టికలోనూ లేదు. "పిలవని పేరంటమే, అయినా వెళ్దాం" అని పెన్‌డ్రైవ్ పెట్టి, పాత సిస్టం తుడిచేసి, ఇది ఎక్కించారు. తెర వెలిగింది, అక్షరాలు చీమల్లా ఉన్నాయి, వాటిని పెద్దవి చేశారు. కీబోర్డు మాట వింది. ఇంటర్నెట్టు కొన్నాళ్లు అలిగి, తర్వాత అదే వచ్చింది. అన్నీ వచ్చాయి కానీ శబ్దం మాత్రం రాలేదు. పాట పెడితే పాట నడుస్తున్నట్టు గీత కదులుతుంది, పెదవులు కదులుతాయి, ఇల్లంతా నిశ్శబ్దం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మావయ్య చెవులు తగ్గుతూ వచ్చాయి. చెవి మిషను పెట్టించాం. అది గరగరమంటోందని దాన్ని విప్పారు, మెకానిక్ కదా. విప్పింది మళ్లీ మూతపడలేదు. (నవ్వులు) నవ్వండి, ఆయన కూడా నవ్వేవారు. ఒక పొద్దున మాత్రం కాఫీ గ్లాసు అందుకుంటూ, నవ్వకుండా అన్నారు: "అమ్మాయ్, నా చెవులు మూసుకుపోయేలోపు ఈ పెట్టె నోరు తెరవాలి. బతుకంతా పలికించినవాణ్ణి, ఇంట్లోదాన్నే మూగగా వదిలేసి ఎలా పోను?"

ఇంతకీ దానికి ఏమైంది మావయ్యా అని అడిగితే రోజూ ఒకటే జవాబు, "డ్రైవర్ దొరకలేదు." కంప్యూటరు లోపలి ఒక్కొక్క ముక్కకీ సిస్టానికీ మధ్య మాట కలిపే చిన్న ప్రోగ్రాముని డ్రైవర్ అంటారని ఇప్పుడు తెలుసు నాకు. అప్పుడు నాకు తెలిసిన డ్రైవరు స్టీరింగు పట్టుకునే మనిషి ఒక్కడే. పాపం పెద్దాయన ఎక్కడికో వెళ్లాలనుకుంటున్నారు, కొడుకుని అడగడానికి మొహమాటపడుతున్నారు అనుకున్నాను. మర్నాడు షెడ్డు దగ్గరికి వెళ్లి, "బాబాయ్, మా మావయ్యగారికి డ్రైవర్ దొరకడం లేదట, ఆదివారం ఒకసారి వస్తారా?" అని అడిగాను. "దానికేం భాగ్యం అమ్మా, వస్తాను" అన్నారు. ఎక్కడికి, ఎంత దూరం, ఒక్క మాట అడగలేదు. వదినా, మీ ఆదివారాలకి ఎసరు పెట్టింది ఆ పూటే. ముందు వరసలో కూర్చుని నవ్వుతున్నారు, మీది పెద్ద మనసు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి, "డ్రైవర్నండీ, అమ్మగారు పంపించారు" అన్నారు. మావయ్యకి అందులో సగమే వినపడింది. డ్రైవర్ పంపించారు అని. మొహం చాటంత అయ్యింది.

"తెచ్చావా?"

"బండా అండీ? మీ ఇంట్లోనే ఉందనుకున్నాను."

"ఇంట్లోనే ఉందయ్యా, లోపల గదిలో."

గదిలో బండేమిటి అని ఈయన అనుమానపడ్డారు కానీ, పెద్దాయన కదా అని ఊరుకున్నారు. "ఏ మోడలండీ?"

"పాతది. కంపెనీవాళ్లు వదిలేశారు."

"ఇంజను?"

"ఇంజను భేషుగ్గా ఉంది. చప్పుడే రాదు."

"చప్పుడు రాకపోతే మంచిదే కదండీ!" (నవ్వులు)

మావయ్య ఆయన్ని రెక్క పట్టుకుని గదిలోకి తీసుకెళ్లి కుర్చీ చూపించారు. ఈయన కంప్యూటరు వంక చూశారు, తలుపు దగ్గర టీ కప్పులతో నిలబడ్డ నా వంక చూశారు. ఆ చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ తలెత్తుకోబుద్ధి కాదు. ఇంకొకరైతే టీ తాగి, నమస్కారం పెట్టి వెళ్లిపోయేవారు. ఈయన మావయ్య చెవి దగ్గరికి వంగి, "దీని గురించి నాకు ఓనమాలు కూడా తెలియవండీ, కానీ ఆదివారం ఖాళీయే, పక్కన కూర్చుంటాను" అన్నారు.

అలా కూర్చున్న మనిషి ప్రతి ఆదివారం కూర్చున్నారు. మావయ్య మెడ తిప్పితే కళ్లజోడు జారేది. అందుకని ఫోనులో ఉన్న కమాండు ఈయన ఒక్కొక్క అక్షరం చదివేవారు, ఆయన టైపు చేసేవారు. చెవులు తగ్గేకొద్దీ చదివే గొంతు పెద్దదైంది. "డాష్ సార్! కాదు, డాష్! ఇప్పుడు ఖాళీ! ఖాళీ అంటే ఏమీ కొట్టకూడదని కాదు సార్, ఖాళీ కొట్టాలి!" జీవితంలో హారన్ మోగించని మనిషి అరుపులు వీధి చివరి దాకా వినిపించేవి. మీ ఇంట్లో ఏం గొడవండీ అని పక్కింటావిడ అడిగింది. సౌండు కోసం అన్నాను. సరిపోవట్లేదా అంది. (నవ్వులు)

ఎన్నిసార్లు ఓడిపోయారో చెప్పలేను. ఒకసారి తెర మొత్తం నల్లబడిపోయింది, అన్నీ మొదటి నుంచి ఎక్కించుకున్నారు. నేను పప్పు కడుగుతూనో బట్టలు మడతపెడుతూనో వాళ్ల మాటలు వింటూ ఉండేదాన్ని. మావయ్యకి వినపడేవి తగ్గాయి, ఆయన మాట్లాడేవి పెరిగాయి. తన కొట్టు గురించి, స్టేషను దొరికినప్పుడు మొదట వచ్చే ఆ సన్నటి ఈల గురించి చెప్పేవారు. మా అత్తగారు పోయాక అంతంత సేపు ఆయన ఎవరితోనూ మాట్లాడగా నేను చూడలేదు. ఆ ఇంటికి అదే మంచి కాలమని అప్పుడు తెలియలేదు. తెలిసుంటే వంటగదిలోంచి బయటికి వచ్చి కూర్చునేదాన్ని.

నీళ్లు వద్దండీ, బాగానే ఉన్నాను.

ఎక్కడో, ఏ దేశంలోనో, మా పెట్టెలాంటిదే ఉన్న ఇంకో మొండిమనిషి దాని సౌండుకి డ్రైవర్ రాసి అందరికీ పెట్టాడు. ఆ ఆదివారం వీళ్లిద్దరూ దాన్ని ఎక్కించి, కంప్యూటరు ఆపి మళ్లీ వేశారు. నేను వంటగదిలో ఉన్నాను. గాజు గ్లాసుకి చెంచా తగిలినట్టు టింగుమని మోగింది. ఏం పడిందబ్బా అని చూశాను. ఏమీ పడలేదు. పరుగున గదిలోకి వచ్చాను. ఈయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నారు. మావయ్య తెర వంకే చూస్తూ, "ప్చ్, ఈసారీ రాలేదయ్యా" అన్నారు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పటికి ఆయన చెవులు పూర్తిగా పోయాయని, మా పెదవులూ, ఫోనులో అక్షరాలూ ఓరగా చూసి నెట్టుకొస్తున్నారని మాకు అప్పుడే తెలిసింది.

ఈయన ఎదురుగా వెళ్లి, వంగి, నెమ్మదిగా, పెదవులు బాగా కదుపుతూ, "మోగింది సార్" అన్నారు. మావయ్య ఆయన మొహంలోకి చూశారు. "ఏదీ, మళ్లీ వెయ్యి." మళ్లీ వేశారు. మావయ్య పెట్టె మీద చెవి ఆనించి కళ్లు మూసుకున్నారు. మోగింది. నీళ్లంత తేటగా మోగింది. కళ్లు తెరిచి, మెకానిక్ మొహం పెట్టి, "ఆఁ, మోగింది. కాస్త బొంగురుగా ఉంది" అన్నారు.

బొంగురు లేదండీ. ఏ మాత్రం లేదు. మేము సంతోషపడాలని ఆయన విన్నట్టు నటిస్తున్నారు, అది కూడా తీర్పు చెప్పి మరీ. ఈయన తడుముకోకుండా, "అవును సార్, కాస్త బొంగురే. వచ్చే ఆదివారం సరిచేద్దాం" అన్నారు.

మావయ్య ఆయన చెయ్యి పట్టుకుని నా వైపు తిరిగి, "అమ్మాయ్, డ్రైవర్ దొరికాడు" అన్నారు.

నెలల తరబడి దొరకలేదు, దొరకలేదు అన్నారు. మన భాషలో ఆ మాట మనిషికీ సరిపోతుంది, వస్తువుకీ సరిపోతుంది. అందుకే నేను బోల్తా పడ్డాను. ప్రోగ్రామైతే దొరికింది అనాలి. మావయ్య దొరికాడు అన్నారు. పొరపాటున అన్నారేమోనని మొహం చూశాను. పొరపాటు కాదు, ఆ చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత కూడా ఈయన ప్రతి ఆదివారం వచ్చారు, లేని బొంగురు సరిచేయడానికి. పోయిన చలికాలం మావయ్య వెళ్లిపోయారు. ఆపై ఆదివారం గేటు చప్పుడైతే చూశాను. ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మనాలో, ఎందుకొచ్చారని అడగాలో నాకు తోచలేదు. "ఆ బొంగురు ఇంకా పోలేదు కదా చెల్లెమ్మా" అన్నారు. అమ్మా అని పిలిచే మనిషి చెల్లెమ్మా అన్నది ఆ రోజే. లోపలికి వచ్చి కంప్యూటరు వేశారు, అది మోగింది, ఇద్దరం విన్నాం. టీ తాగి వెళ్లారు. ఇప్పటికీ అంతే. మా ఇంట్లో ఆదివారం అంటే ఆ ఒక్క చప్పుడు.

రేపు అన్నయ్య తన కూతురి ఊరు వెళ్లిపోతున్నారు. వెళ్లాలి, మనవరాలు ఎదురుచూస్తోంది, నాకు తెలుసు. అయినా వద్దని చెప్పాలనుంది. సభలో అనకూడని మాటేమో, అనేశాను.

నిన్న సాయంత్రం సంతకాల కోసం మేనేజరుగారి గదికి వెళ్లాను. ఆయన ఫోనులో ఎవరితోనో, "ఎంత వెతికినా ఇంకా డ్రైవర్ దొరకలేదండీ" అంటున్నారు. సంతకాలు పెట్టించుకోకుండానే బయటికి వచ్చేశాను. అలా వెళ్లిపోయారేం అని పొద్దున అడిగారు కదా సార్, ఇదీ సంగతి. దొరుకుతాడు సార్. వ్యానుకి తప్పకుండా దొరుకుతాడు. నాలుగు రోజులు సీసాలు గలగలమంటాయి, తర్వాత అతను కూడా గతుకులు నేర్చుకుంటాడు. నా ఆదివారాలకే దొరకడు.

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ, మైకు లాక్కోకుండా ఊరుకున్న అధ్యక్షులవారికి, ఇన్ని ఆదివారాలు మనిషిని అరువిచ్చిన వదినకి కృతజ్ఞతలు.

అన్నయ్యా, ఆ పెట్టె గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. ఎప్పుడైనా ఇటు వచ్చినప్పుడు ఒకసారి చూసి వెళ్లండి. సెలవు.