చన్నీళ్ళ బాప్తిస్మం

ఆదివారం పొద్దున్న, ప్రార్థన మందిరం వెనక గది. బాప్తిస్మపు తొట్టి పక్కన ప్లంబరు, వాళ్ళ అక్క.

"తువ్వాళ్ళు నిన్ననే సర్దాం కదక్కా. మళ్ళీ తువ్వాళ్ళేంటి?"

"ఇంకో రెండు పెడదామని వచ్చా. నా సంగతి సరే, నువ్వు హీటరు వెయ్యలేదేం? నీళ్ళలో చెయ్యి పెడితే కొంకర్లు పోతోంది."

"వేస్తాలే."

"ఎప్పుడు? పదింటికి ఆరాధన. వేడెక్కడానికి రెండు గంటలు పడుతుందని నువ్వే కదా అన్నావు?"

"వేస్తానన్నానా!"

"కావాలనే వెయ్యలేదు."

"అవును, కావాలనే. బయట చలి చూశావా? నా కోసమే పంపినట్టున్నాడు దేవుడు."

"మధ్యలో దేవుణ్ణెందుకు లాగుతావురా?"

"ఇవాళ ఇందులో మునిగేది ఎవడు? నీ సూపర్‌వైజరు. నీ మూడు వేళ్ళు తీసేసినవాడు."

"తీసింది మిషను."

"చేతులు పడకుండా మిషనుకున్న ఇనప జాలీ విప్పించింది ఎవడు? అట్టపెట్టెలు గబగబా తెగాలని! ఆ తర్వాత విచారణలో కూర్చుని, ఆవిడే విప్పుకుందండీ, ఎంత చెప్పినా వినదండీ అన్నది ఎవడు? అప్పటికి నీ చేతి కట్టు కూడా విప్పలేదు."

"తెలుసు. నేనూ ఆ గదిలోనే ఉన్నా."

"నీ ఉద్యోగం పీకించాడు."

"ఆయన మొన్న అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు కదరా."

"నాలుగేళ్ళకి! వేళ్ళు మళ్ళీ మొలిచాయా? తెల్లబట్టలేసుకుని, ఒక్క మునక మునిగి, శుభ్రంగా ఇంటికెళ్ళి భోంచేస్తాడా? కుదరదు. వణకాలి. పళ్ళు టకటకలాడాలి. అందరూ చూస్తుండగా నోట్లోంచి మాట రాకూడదు. అది నేను కళ్ళారా చూడాలి."

"చూస్తే?"

"నా కడుపుమంట చల్లారుతుంది."

"పాస్టర్ గారు కూడా అందులోనే నిలబడాలి. డెబ్బై ఏళ్ళ మనిషి."

"ఆయనకి నడుం దాకా రబ్బరు బూట్లు తెచ్చా. లోపలికి ఉన్ని మేజోళ్ళు కూడా."

"అబ్బో! అన్నీ ఆలోచించావే!"

"వారం నుంచి ఇదే పని నాకు. నవ్వకక్కా, ఒళ్ళు మండిపోతోంది."

"సరే, నవ్వను. ఇలా కూర్చో. మొదటి ఏడాది ఏం చేశావు?"

"ఏం చేశాను?"

"పైపు రెంచి పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర మూడు రోజులు కాపు కాశావు."

"బావ వచ్చి లాక్కెళ్ళాడు గానీ, లేకపోతేనా..."

"మరుసటేడు?"

"వాడి స్కూటరు టైర్లకి గాలి తీశా."

"ఎన్నిసార్లు?"

"నాలుగు. సరే, ఐదు."

"పోయినేడు వాళ్ళింట్లో పైపు పగిలి నీకు ఫోను చేస్తే?"

"ఎత్తలేదు. వంటింట్లో మడమల దాకా నీళ్ళట. ఆ రోజు హాయిగా నిద్రపోయా."

"ఇవాళ?"

"ఇవాళ... చన్నీళ్ళు."

"మరి! రెంచి దగ్గర మొదలుపెట్టి చన్నీళ్ళ దాకా వచ్చావు."

"వెక్కిరిస్తున్నావా?"

"లేదురా, ఒట్టు. ప్రతి వారం వెనక బెంచీలో కూర్చుని, నేను మారలేదు, నేను దేవుడికి పనికిరాను అని ఏడుస్తావు కదా. మారావు. నీకు తెలియకుండానే మారావు. ఇంకొక్క అడుగు. స్విచ్చి వెయ్యి."

"నీకేం, ఎన్నైనా చెబుతావు. పోయిన ఆదివారం సాక్ష్యం చెప్పావు చూడు, ఆ చేత్తోనే మైకు పట్టుకుని, నేను ఆయన్ని క్షమించాను అని. మందిరమంతా ఏడ్చింది. పాస్టర్ గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. వాడైతే నేల మీద కూలబడ్డాడు. నాకెంత సిగ్గేసిందో తెలుసా? ఒక్క కడుపున పుట్టాం కదా, ఆ మనసు నాకెందుకు రాలేదు అని."

"ఆ సంగతి వదిలెయ్."

"ఎందుకు వదలాలి? ఊళ్ళో అందరూ నీ గురించే..."

"వదిలెయ్ అన్నానా."

"సరే. ఒక్కటి చెప్పు. నీకు ఎప్పుడూ పగ తీర్చుకోవాలని అనిపించలేదా? పిల్లకి జడ వెయ్యడం కుదరక దువ్వెన పట్టుకుని అలా కూర్చుండిపోతావు కదా, అప్పుడు కూడా?"

"స్విచ్చి వేస్తావా, వెయ్యవా?"

"వేస్తే వాడు హాయిగా మునుగుతాడక్కా."

"మునగనీ."

"మరి నా కడుపుమంట?"

"ఉండనీ. మంటతోనే వెయ్యి. అది చల్లారాక వేద్దామనుకుంటే నువ్వెప్పటికీ వెయ్యవు."

"నీ మాట మీద వేస్తున్నా. వాడి కోసం కాదు."

"ఎవరి కోసమైతేనేం. వెయ్యి."

"ఇదిగో, వేశా. అదేంటి? లైటు వెలగదేం?"

"నాకేం తెలుసు?"

"ఉండు, ఈ స్టూలెక్కి పైన ఫ్యూజు పెట్టె మూత తీసి చూస్తా. అరె! ఫ్యూజు లేదు! ఎవరో పీకేశారక్కా!"

"అరవకు."

"నేను కాదు, నా మీద ఒట్టు! నేను స్విచ్చి ముట్టుకోలేదు, అంతే. ఇంత పని ఎవరు చేసుంటారు? వాడి మీద ఇంత పగ నాకు తప్ప ఇంకెవరికుంది?"

"మెల్లిగా మాట్లాడు, బయటికి వినిపిస్తుంది."

"అక్కా."

"ఊఁ."

"ఆ చెయ్యి ఎందుకు వెనక్కి పెట్టుకున్నావు?"

"ఊరికే."

"చూపించు."

"ఫ్యూజేరా. చూశావు కదా, ఇక చాలు."

"నువ్వా! ఎప్పుడు తీశావు?"

"పోయిన ఆదివారం. సాక్ష్యం చెప్పి, మైకు పాస్టర్ గారి చేతికిచ్చి, నేరుగా ఇక్కడికే వచ్చా. వాడు అలా నేల మీద పడి ఏడుస్తుంటే, అందరూ వాణ్ణే ఓదారుస్తుంటే, చచ్చేంత కోపం వచ్చింది. మీరింకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు, నేను పీకేశా."

"మరి ఇంతసేపూ నాకు చెప్పిన నీతులన్నీ?"

"ఆరింటి నుంచి ఆ స్టూలెక్కి, ఎడం చేత్తో గోడ పట్టుకుని పెడదామనే చూస్తున్నానురా. పీకడానికి ఈ రెండు వేళ్ళూ సరిపోయాయి. పెట్టడానికే సరిపోవట్లేదు. నువ్వు పెట్టు."