బాజా ఖాదర్ ఇల్లు జేరిన వారం

“తాతా, నీకు తెల్వని సంగతులు కథలల్ల ఎట్ల రాస్తుంటివి? నా నవలల ఒక మిలిటరీ బ్యాండాయన ఉన్నడు. ఫోన్ల ఎంత ఎతికినా ఆ మనిషి నాకు దొరుకుతలేడు.”

ఫోన్ల మనిషి దొరుకుతడా బిడ్డా. రికార్డు పెట్టినవా? ఎర్ర సుక్క వెలుగుతుందా? మంచిది. ముందుగాల గా ఫ్యాను జెర తగ్గియ్యి. నా గొంతు సక్కగ వినిపియ్యకపోతే నీతోని పనిజేసే బేగంపేట ఆఫీసోళ్లు ముసలాయనకు దమ్ము అయిపోయిందనుకుంటరు.

ఇగ విను. తెల్వనిది రాసుడుల ఈ సికింద్రాబాద్‌ల నన్ను మించినోడు పుట్టలే. పుడితే నాకు ఎరుకుండేది. రైలింజను డ్రైవర్ కథ రాయాల్నంటే ఏం జేసిన? కాజీపేట దాక ఇంజన్ల నిలబడి బొగ్గేసుకుంట పోయిన. సగం తొవ్వ నేనే నడిపిన. డ్రైవర్ సాబ్ పక్కకు కూసోని నిమ్మలంగ రొట్టె తిన్నడు. నవ్వకు. మీ నాయనమ్మ సుత గిట్లనే నవ్వేది. “భువనగిరి దాక పోయి, కంట్లె బొగ్గునుసు పడితే ఏడ్సుకుంట వాపసొచ్చిండు” అని సుట్టాలందరికి చెప్పేది. భువనగిరి కాదు, ఆలేరు. ఆలేరు అయితే దాటినం, అది ఖాయం. పహిల్వాన్ కథకు తాలీంల మట్టిల దిగి కుస్తీ సుత పట్టిన. పహిల్వాన్ నా కాళ్లు మొక్కి... సరే, కాళ్లు మొక్కలే, చెయ్యిచ్చి లేపిండు. కింద పడ్డది నేనే గద.

నీ బ్యాండాయన ముచ్చట కదా అడిగినవు. వస్తున్న, వస్తున్న.

పోలీస్ యాక్షన్ అయి రెండేండ్లో, రెండున్నరో అయింది. నేను మిషన్ బడిల తెలుగు పంతులును. పగలు బడి, తీరినప్పుడు కథలు. గప్పుడు చాయ అర్ధణా. అది సుత సికింద్రాబాద్‌ల ఇంగ్రేజోళ్ల నాటి కల్దార్ పైసలు, హుసేన్‌సాగర్ కట్ట దాటితే నిజాం హాలీ సిక్క. ఒక జేబుల ఇవి, ఒక జేబుల అవి పెట్టుకొని తిరిగేటోళ్లం. మా బావమరిది ఒకసారి కలగలిపి ఇచ్చి హోటలోనితోని తన్నులు... ఆఁ, అది వేరే ముచ్చట.

ఒక వారపత్రికల నా సీరియల్ నడుస్తుండె. హీరో పేరు కరీం. నిజాం ఫౌజు బ్యాండుల కార్నెట్ అనే ఇత్తడి బాజా ఊదుతడు. లడాయికి పోతడు. ఆఖరికి సస్తడు. ఎడిటర్ సాబ్‌కు నేను చెప్పిన ప్లానది. ఆయన ఖుషీ. “సస్తేనే కథ నిలుస్తది, జనం ఏడ్సి ఏడ్సి పత్రిక కొంటరు” అన్నడు. స్టేషన్ కాడ ఆ పత్రిక కోసం జనం అంగీలు సింపుకునేటోళ్లు బిడ్డా, నా కండ్లతోని చూసిన.

గని కార్నెట్ ఎట్లుంటదో నాకు తెల్వది. ఫౌజు బ్యాండోడు ఇంట్ల ఎట్లుంటడో అసలే తెల్వది. ఎవలో చెప్పిండ్రు, తిరుమలగిరి లాల్‌బజార్‌ల చాంద్‌బీ అని ఒకామె ఉంది, ఆమె కొడుకు ఖాదర్ బ్యాండుల ఉండెనని. వాళ్లది నల్లగొండ దిక్కు ఊరు. ఇంట్ల తెలుగే మాట్లాడ్తరు. పెనిమిటి కంటోన్మెంటు సోల్జర్లకు బట్టలు కుట్టే దర్జీ, పోయిండు. ఆమె ఇంట్లనే కాజాలు కుట్టుకుంట ఉంది. లడాయప్పుడు ఖాదర్ పల్టన్‌ను షోలాపూర్ దిక్కు తోలిండ్రు. అంతా అయిపోయినంక మిగిలిన బ్యాండోళ్లు ఒక్కొక్కరే ఇండ్లకొచ్చిండ్రు. ఖాదర్ రాలే. సచ్చిండని చెప్పినోడు లేడు, చూసినమని చెప్పినోడు సుత లేడు.

నేను సైకిల్ మీద పోయిన. నీలం తలుపు. కింద పలక పుచ్చిపోతే బిస్కెట్ డబ్బా రేకు కొట్టి అతుకేసిండ్రు. పెన్సిలు, కాయిదం బయటికి తియ్యలే, అది ఎన్నడు తియ్యకు. చేతుల పెన్సిలు చూస్తే మనిషి కోర్టుల సాక్షి తీరుగ మాట్లాడ్తడు. ఊకె కూసున్న, దారం ఎక్కిచ్చి ఇచ్చిన. సూదిల దారం ఎక్కిచ్చుడుల సుత నన్ను మించినోడు లేకుండె ఆ దినాలల్ల.

నేను కథ రాసేటోణ్ణని చెప్పిన. ఆమె చేతిల కాజా పూర్తి జేసి దారం తెంపింది. తర్వాత అన్నది:

“రాసుకో సారూ. నా కొడుకు ముచ్చట ఎంతగనం కావాల్నంటే అంత చెప్త. గని ఒక్కటి. వాణ్ణి ఇంటికి తోలుకరావాలె. నీ కథల మధ్యల ఇడిసిపెడితే నేను ఊకోను.”

“సరే పెద్దమ్మా” అన్న. ఎడిటర్ సాబ్‌కు ఏం జెప్పుకొచ్చిన్నో అప్పుడు యాదికి రాలే. అంటే వచ్చింది, గని ఆ మొఖం చూసి ఇంకో మాట అనబుద్ధి కాలే.

ఇగ ఆమె చెప్పుడు షురూ జేసింది. ఖాదర్ ఇంటి ఎనక నాలా ఒడ్డుకు నిలబడి బాజా ఊదేటోడు. ఇంట్ల ఊదితే ఈమె పొయ్యిల కట్టె తీస్కొని ఎంబడి పడేది. పెదవి పగిలితే బాజా పలుకదంట, అందుకే పండేముందు పెదవులకు ఇంత వెన్న రాసుకునేటోడు. పరేడ్ దినం మిరపకాయ ముట్టడు. కూరల కారం ఎక్కువైతే “అమ్మీ, ఇయాల్ల జనరల్ సాబ్ ముందట నా బాజా గొడ్డు తీరుగ అరుస్తది” అనేటోడంట. చూడు, గీ ముచ్చట్లు నీ ఫోన్ల ఉన్నయా? నేనొక దోస్తు కాడ కార్నెట్ అడుక్కొని ఊదిన గూడ. ఒక్క పగటిల నేర్సుకున్న. కంటోన్మెంటు గుర్రాలన్ని అటెన్షన్ల నిలబడ్డయి. ఒకటి నిలబడ్డదైతే నిజం.

వారం వారం అచ్చుకియ్యక ముందే పోయి నేనే సదివి వినిపిస్తుంటి. ఆమె తప్పులు తీసేది. “వాడు గంత మెత్తగ మాట్లాడడు”, “వంకాయ తినడు, కూరల నుంచి తియ్యి”. ఎవలన్న రచయితను గిట్ల సతాయిస్తరా?

ఆఖరి భాగం కాడికొచ్చిన. కొడుకు ఇంటికొస్తడు, తల్లి తలుపు తీస్తది. నేను ఒక పేజీ నిండ ఏడుపు రాసిన. కండ్లు నదులు, గుండె సముద్రం, అన్ని పెట్టిన. సదివితే చాంద్‌బీ అన్నది, “గిట్ల కాదు”. మరి ఎట్ల? “నువ్వు బయటికి పో. తలుపు కొట్టు.”

యాక్టింగ్‌ల నాకు ఎదురెవ్వరు? బడిల క్రిస్మస్ నాటకానికి రాజు వేషం ఏటేటా నాదే. బయటికి పోయిన. అంగీ గుండీలు మెడ దాక పెట్టుకున్న, భుజాలు వంచిన, బగ్గ దూరం నడిసొచ్చినోని తీరుగ కాలు ఈడ్సిన. తలుపు కొట్టిన. “అమ్మీ” అన్న.

తలుపు తీసింది. నన్ను చూసింది. నా మొఖం దిక్కు కాదు, కాళ్ల దిక్కు.

“బూట్లు బయట ఇడువు. లోపట నమాజు జాగ ఉంది” అన్నది. “గోలెంల నీళ్లున్నయి, కాళ్లు కడుక్కో. ఎప్పుడు తిన్నవో ఏమో.”

అని లోపటికి పోయి గిన్నె మూత తీసింది. నేను రాజు వేషం గీజు వేషం అన్ని మర్సిపోయిన. బూట్ల లేసులు ఇప్పదీసుకుంట కూసున్న గడప మీద. ఎంతసేపు ఇప్పదీసిన్నో.

అదే రాసిన. ఒక్క మాట కలుపలే. తలుపు, రేకు అతుకు, గోలెం, బూట్లు, అట్లట్లనే. పేరొక్కటి కరీం అని ఉంచిన.

ఎడిటర్ సాబ్ సదివి కుర్సీలకెల్లి లేసిండు. “సావేది?” “లేదు.” “ఏడుపేది?” “లేదు.” “బూట్లు ఇప్పుకుంటడు, ఇది ఆఖరా? ఇది అచ్చెయ్య.” నేను టేబుల్ మీద ఒక్క గుద్దు గుద్దిన. సిరా బుడ్డి ఎగిరి గోడకు తాకింది, కంపోజిటర్లు అచ్చులు ఇడిసిపెట్టి ఉరికొచ్చిండ్రు. అంటే, గుద్దుడు మెల్లగనే గుద్దిన. గని మాట గట్టిగ అన్న. “నీకు సావు కావాల్నంటే కింద నీ పేరేసుకొని నువ్వే రాసుకో. నా పేరు మీద పోరడు ఇంటికొస్తడు.” మా ఇంట్ల ఆ నెల ఖర్చు ఆ సీరియల్ మీదనే ఉండె, మీ నాయనమ్మకు అప్పుడే మీ పెద్దనాయిన కడుపుల వడ్డడు. అయినా అన్న. ఆయన గొణుక్కుంటనే అచ్చుకిచ్చిండు.

పత్రిక వచ్చిన మర్నాడు. బడిల పాఠం చెప్తున్న. మా బడి చప్రాసీ వచ్చి, “సార్, తిరుమలగిరిల మీ చాంద్‌బీ ఇంటి కాడ బగ్గ మంది జమైండ్రంట” అన్నడు.

పాఠం ఆడనే ఇడిసిపెట్టిన బిడ్డా. పోలీస్ యాక్షన్ అయినంక సాయిబుల ఇండ్ల మీద మంది పడ్డ ఆ దినాలు నీకు తెల్వదు. ఒక సాయిబు ఇంటి ముందట మంది జమైండ్రంటే ఎందుకో ఎవలకెరుక. ఫౌజుల ఉన్నోని ఇల్లు. నేను రాసిన తలుపును చూసి ఎవలన్న ఆనవాలు పట్టిండ్రా? ఆమెకు ఏమన్న అయితే అది నా రాతతోని అయినట్టే గద. సైకిలెక్కిన. తొవ్వల చెయిన్ ఊడింది. సైకిల్ భుజానెత్తుకొని ఉరికిన. ఇది మాత్రం నిజంగనే ఉరికిన.

పోయి చూస్తే వాకిట్ల మంది కూసున్నరు. లాల్‌బజారోళ్లే. మాంసం కొట్టే కసాబాయన, పాలాయన, ఎదురింటి కిరస్తానామె, అందరు. చేతులల్ల చాయ కప్పులు. చాంద్‌బీ పొయ్యి కాడ ఉంది. నన్ను చూసి అన్నది, “రా సారూ. నీ పుణ్యాన పొద్దటి సంది చక్కెర అయిపోయింది.”

ఏమైందంటే, చాయ హోటల్ల ఎవలో పత్రిక గట్టిగ సదివిండ్రు. రేకు అతుకు కాడికి రాంగనే అందరికి సమజైంది, ఇది చాంద్‌బీ తలుపు. ఇంకేముంది, ఖాదర్ వాపసొచ్చిండు, పేపర్ల పడ్డది అని ఒక్కటే లొల్లి. మిఠాయి పట్టుకొని ఉరికొచ్చిండ్రు. వాళ్లకు కథ, వార్త ఒక్కటే. పేపర్ల అచ్చైతే అయినట్టే.

“నువ్వేమన్నవు పెద్దమ్మా?”

“రాలేదని చెప్పిన. కథల వచ్చిండు అని చెప్పిన. పాపం, వాళ్లకు పోనీకి సిగ్గు, కూసోనీకి సిగ్గు. చేతుల మిఠాయి ఆయె. చాయ పెట్టిన. జెరసేపటికి పాలాయన అన్నడు, ‘మీవోడు నాలా కాడ బాజా ఊదితే నా బర్రె పాలు ఎగబెట్టేది’ అని. ఇగ షురూ.”

అటెన్క గొంతు తగ్గిచ్చి చెప్పింది. “రెండేండ్ల సంది నా వాకిట్లకు ఎవ్వరు రాలే సారూ. వాని పేరు తీస్తే ఏమైతదో అని వాళ్ల భయం వాళ్లది. తొవ్వల కలిసినా కాజాల ముచ్చటే మాట్లాడిండ్రు. ఇయాల్ల చూడు, అందరి నోట్ల వాడే ఉన్నడు.”

కసాబాయన చెప్తుండు, తన బిడ్డ పెండ్లిల ఖాదర్ పైసలు తీసుకోకుంట ఊదిండని. ఎదురింటామె చెప్తుంది, ఆ బాజా మోతకు తన సంటిపిల్ల నిద్ర లేస్తే ఎంత తిట్టిందో. తిట్టిన తిట్లు సుత చెప్పింది, అందరు పడి పడి నవ్విండ్రు. చాంద్‌బీ సుత నవ్వింది. నేను మొట్టమొదటిసారి చూసుడు ఆమె నవ్వు.

పోతుంటే తలుపు కాడికొచ్చి అడిగింది, “మల్ల వారం ఏం రాస్తవు?”

“అయిపోయింది గద పెద్దమ్మా, ఇంటికొచ్చిండు.”

“ఇంటికొచ్చినోడు ఊకె కూసుంటడా? పని ఎతుకు వానికి. ఈడొచ్చిన పోరడు, పిల్లను సూడు.”

ఇగ ఏం జేస్తం. పత్రిక ఇంకో సీరియల్‌కు పోయింది, నాది బందైంది. అయినా ఆదివారం చర్చి అయినంక నేను లాల్‌బజార్‌కు పోతుంటి. కాయిదం లేదు, కలం లేదు, నోటితోనే నడిపిన. ఖాదర్‌కు రైల్వేల నౌకరి ఇప్పిచ్చిన. బొల్లారం పిల్లతోని పెండ్లి జేసిన, ఆ పెండ్లి ఊరేగింపు అసుంటిది నిజాం ఇంట్ల సుత కాలే. ఇద్దరు పిల్లలు. వాడు పెండ్లాంతోని కొట్లాట పెడితే చాంద్‌బీ కోడలు దిక్కే మాట్లాడేది. ఆమె మంచాన పడ్డ ఏడు సుత పోయిన. “పిల్లలు బడికి పోతుండ్రా” అని అడిగేది. పోతుండ్రు అని చెప్తుంటి.

“తాతా, నిజంగ ఖాదర్ ఎన్నడన్న వచ్చిండా?”

రాలే బిడ్డా.

...ఆ సుక్క ఇంకా వెలుగుతుందా? ఉండనియ్యి. నీ బ్యాండాయన ఫోన్ల లేడు, తిరుమలగిరిలనో, బొల్లారంలనో ఎవలో ముసలామె నోట్ల ఉన్నడు. పో, ఆమె కాడ కూసో, చాయ పోస్తే వద్దనకు. దేవుడు నీకు ఓపికియ్యాలె. నువ్వు కథలల్ల రాసే మనుషులందరు సల్లగ ఇల్లు జేరాలె, తల్లీ.