కాలరు మీద ఎర్ర కాజా

దుకాణం కొత్త బోర్డుకీ, చొక్కా కాలరు లేబుల్‌కీ గీయించిన బొమ్మను దర్జీ మేనకోడలి ముందు పరిచాడు.

“కత్తెర, మిషను, కిరీటం, మీ తాతయ్య మొహం, అన్నీ పెట్టించాను. ఎలా ఉందే?”

“పెళ్లి గ్రూపు ఫొటోలా ఉంది మావయ్యా, ఎవర్నీ వదల్లేదు. ఇదిగో, ఫోన్‌లో ఫొటో తీసి లేబుల్ సైజుకి తగ్గించాను, చూడు.”

అతను కళ్లజోడు సవరించుకున్నాడు.

“మధ్యలో ఈ మరకేంటి?”

“తాతయ్య.”

“అమ్మో! రేపు వెయ్యి లేబుళ్లు నేతకివ్వాలే!”

“అసలు నీ చొక్కాని జనం దేన్ని చూసి గుర్తుపడతారు?”

“కింది గుండీ కాజా ఎర్ర దారంతో ఉంటుందిగా. మీ అత్తయ్య మొదలెట్టింది.”

“అదొక్కటే వేద్దాం. బోర్డంత పెంచినా, గోరంత తగ్గించినా చెడదు.”

“మరి మా నాన్నో?”

“గోడ మీద ఫొటోలో హాయిగా ఉన్నాడు కదా, ఉండనీ.”

దర్జీ పాత బొమ్మను చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత నవ్వుతూ లోపలికి కేకేశాడు:

“ఏమేవ్, బోర్డు మీదికి నువ్వెక్కుతున్నావ్!”