రెండో తీగ

బిష్కెక్‌లో ఒక ఆస్పత్రి. గుండె నాళాలు తెరిచే గది. బల్ల మీద పడుకున్నది మొన్నటిదాకా ఆ గదికి పెద్ద డాక్టరుగా ఉన్న అనిపా. ఆమె మణికట్టులోంచి గొట్టం పంపి పనిచేస్తున్నది ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్న తిలెక్. అతని పక్కన ముసుగులో ఇంకొకరు ఉన్నారు. అనిపాకు మత్తు ఇవ్వలేదు.

"కదలకండి ఎజే."

"ఎజే గిజే అని పిలవకు. నేను నీ అక్కనూ కాను, నువ్వు నా తమ్ముడివీ కావు. నా గుండె కనిపించే ఆ తెర ఇటు తిప్పు."

"తిప్పను. రోగికి తెర చూపించొద్దని రూలు పెట్టింది మీరే."

"నేను రోగినా?"

"బల్ల మీద పడుకున్నవాళ్ళని మరేమంటారు?"

"పోనీ నా కళ్ళజోడివ్వు."

"అది తీయించాలన్నదీ మీరే."

"నాకే పాఠాలా! నరీన్ కొండల్నించి గొర్రెల వాసనైనా పోకుండా వచ్చావు, చెయ్యి పట్టుకుని నేర్పాను. పొద్దున్నే గుర్రప్పాల కల్లు గానీ తాగొచ్చావా? చెయ్యి బరువుగా ఉంది. ఎక్కడిదాకా వచ్చావు?"

"నాళం రెండుగా చీలే చోటికి."

"అడ్డం పెద్దదాన్లోనేనా?"

"పెద్దదాన్లోనే. చీలిక ముందు మొదలై చీలిక దాటేదాకా ఉంది. కొమ్మ కూడా చిన్నదేం కాదు."

"అయితే ఆలోచనేంటి? పెద్దదాన్లో ఉన్న దారి తీగ కాక, ముందు కొమ్మలోకి ఇంకో తీగ వెయ్యి."

"సలహా చెప్పే యంత్రాన్ని అడిగాను. అక్కర్లేదంది."

"యంత్రమట, యంత్రం! దానికంటే ఓష్ బజార్లో గింజలు పరిచి జోస్యం చెప్పే ముసలమ్మ నయం కదరా. ఆవిడ మనిషి మొహమైనా చూస్తుంది."

"కొమ్మ మూసుకునే అవకాశం నూటికి మూడంది. ఈ యంత్రాన్ని గదిలో పెట్టించింది మీరు. అది వద్దంటే రెండో తీగ దండగని మాకు చెప్పిందీ మీరు."

"పెద్ద నాళంలో స్టెంటు విచ్చుకుంటే అక్కడున్న కొవ్వు పక్కకి తోసుకొచ్చి కొమ్మ నోరు మూసేస్తుంది. లోపల తీగ ఉంటే దారి దొరుకుతుంది, లేకపోతే దొరకదు. మొదటి రోజే చెప్పానా లేదా?"

"చెప్పారు. యంత్రానికెందుకు చెప్పలేదు?"

"ఏం వాగుతున్నావ్?"

"అది చదువుకున్నది మీ కేసులే కదా. ఇన్నేళ్ళ కేసులు. ఇలాంటి చీలిక దగ్గర మీ చేతిలో కొమ్మ మూసుకున్నట్టు రాసి లేదు. రెండో తీగ వేసినట్టూ ఎక్కడా లేదు. అది చూస్తే యంత్రానికేం అర్థమవుతుంది? ఇది మంచి చీలిక, తీగ లేకపోయినా ఏం కాదు అనుకుంటుంది."

"నా చెయ్యి అలాంటిది."

"అలాగా. అయితే స్టెంటు విచ్చుకునేలా బెలూను ఊదుతున్నాను."

"ఆగు! ఆగరా! తీగ వెయ్యమన్నానా!"

"ఎందుకు?"

"నేను చెప్పాను కాబట్టి."

"నాలాగే మీ దగ్గర పని నేర్చుకున్న కుబాత్ కూడా మీరు చెప్పినట్టే చేశాడు."

"ఇప్పుడు వాడి గొడవెందుకు?"

"యంత్రం వద్దంది, ఆయన తీగ వెయ్యలేదు. కొమ్మ మూసుకుంది. ఆయన చూస్తున్న రోగి, ఆ బస్సు డ్రైవరు, ఈ బల్ల మీదే పోయాడు. విచారణలో మీరేమన్నారు?"

"గుర్తులేదు."

"నాకుంది. 'ఇలాంటివి నేను వందలు చేశాను, ఒక్క తీగతోనే చేశాను, తప్పు కుబాత్ చేతిది' అన్నారు. ఆయన్ని ఈ గదిలోంచి గెంటించారు."

"ఒరేయ్, మనిషి గుండెలో గొట్టం పెట్టి పంచాయితీ చేస్తావా? సిగ్గులేదూ?"

"ఉంది. అందుకే అడుగుతున్నా. ఒక్క తీగతోనే చేశారా?"

"నా కూతురు బయట కూర్చుంది. దాన్ని పిలు."

"పిలుస్తాను. ముందు చెప్పండి."

"నా ఇంట్లో రొట్టె తిన్నావు."

"తిన్నాను. కుబాత్ కూడా తిన్నాడు."

"నీ బుద్ధి ఇలాంటిదని తెలిస్తే ఆ రోజే గడప ఎక్కనిచ్చేదాన్ని కాదు."

"ఊదమంటారా?"

"వేశాను! చాలా? వేశాను! చీలిక కనిపించిన ప్రతివాడికీ రెండో తీగ వేశాను!"

"మరి రాయలేదేం?"

"ఎలా రాస్తాను? ఆస్పత్రివాళ్ళు రోగికి ఒక్క తీగే ఇచ్చేవాళ్ళు. ముందు రోగికి వాడిన తీగనే కడిగి, శుద్ధి చేసి, తర్వాతవాడికి వేసేదాన్ని. రాస్తే జైలు. వెయ్యకపోతే వాడు చస్తాడు. నువ్వైతే ఏం చేసేవాడివి?"

"అదే చేసేవాణ్ణి. కానీ విచారణలో నోరు విప్పేవాణ్ణి."

"విప్పితే నా పని అయిపోయేది."

"ఆయన పని అయిపోయింది."

"వాడు చిన్నవాడు, ఎక్కడో ఒకచోట బతుకుతాడులే అనుకున్నా. తప్పే. భయపడ్డాను. ఇప్పుడూ భయంగానే ఉంది తిలెక్. తీగ వెయ్యి నాయనా."

"ఊపిరి బిగపట్టండి."

"వేశావా? ఒరేయ్, వేశావా లేదా... అమ్మా! పట్టేస్తోంది. ఛాతీ పట్టేస్తోంది!"

"మాట్లాడకండి. స్టెంటు విచ్చుకుంది."

"కొమ్మ పోయింది కదూ? ఈ నొప్పి నాకు తెలుసు. ఎంతమంది మొహాల్లో చూశాను! చంపేశావు కదరా నన్ను!"

"మూసుకుంది. నూటికి మూడన్న కొమ్మే మూసుకుంది."

"దుర్మార్గుడా..."

"తీగ ఉంది. మీరు నన్ను గొర్రెల వాసన అన్నప్పటికే అది కొమ్మలో ఉంది. దాని మీదుగా చిన్న బెలూను లోపలికి పోతోంది. కాస్త ఓర్చుకోండి. ఇంకాస్త. ఆఁ, తెరుచుకుంది. ఇప్పుడెలా ఉంది?"

"తగ్గుతోంది. తగ్గుతోంది. ముందే వేసి, వెయ్యనట్టు నాటకమాడావా? నా చేత కక్కించడానికా?"

"అవును."

"ఛీ. నీ మొహం నాకు చూపించకు. అయినా అంత ఇరుకులోకి తీగ పోనివ్వడం నీ తరం కాదు. నాకు తెలుసు నీ చెయ్యి."

"నా చెయ్యి కాదు. నా పక్కనున్నాయన పోనిచ్చారు."

"ఆ నోరెత్తని మనిషా? ఎవరయ్యా నువ్వు? ముసుగు తియ్యి, నిన్నొకసారి చూడనీ."

"తియ్యలేను ఎజే. చెయ్యి వదిలితే తీగ జారిపోతుంది. నేను కుబాత్‌ని."