వేలి కొలత

కొట్టు శాశ్వతంగా మూసేసిన దర్జీ పెరట్లో గుడ్డ వడిసెలలో మట్టి ఉండ పెట్టి, తిప్పి వదిలాడు. ఉండ గోడ మీది పెయింట్ డబ్బా పక్కనుంచి పోయింది. బట్టలారేస్తున్న భార్యకు నవ్వాగలేదు.

"ఆ డబ్బాకి నూరేళ్ళ ఆయుష్షు! ఈ వయసులో ఇదేం సరదా అండీ?"

"ఇన్నేళ్ళూ వంగి కుట్టిన నడుం, ఇప్పుడు సాగుతోంది. ఇదిగో, నీకూ ఒకటి కుట్టాను."

"అయ్యో, ఇది నా నీలం చీర అంచు కదూ!"

"చిరిగిందేలే. ఈ ఉచ్చు ఉంగరం వేలికి తొడుక్కో. రెండో కొస బొటనవేలితో నొక్కిపట్టి, తిప్పి వదిలెయ్."

ఆమె చెయ్యి కొంగు చాటుకు పోయింది.

"నా వేలికి పట్టదండీ."

"పడుతుంది, చూడు."

వాచిన కణుపు మీదుగా ఉచ్చు మెత్తగా దిగింది.

"కొలతెప్పుడు తీశారు?"

"నిన్న మధ్యాహ్నం నువ్వు కునుకు తీస్తుంటే, దారంతో."

"అయితే ఉంగరం పట్టని సంగతి..."

"సబ్బు నురగలో జారిపోతుందని బీరువాలో దాచానన్నావు. సరేనన్నాను."

"రెండేళ్ళుగా తెలిసీ ఊరుకున్నారా?"

"ఊరందరికీ కొలతలు తీసినవాణ్ణి. ఒళ్ళు మారిందని ఎవరినైనా తప్పుబట్టానా? బట్టే వదులు చేశాను."

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుని, వడిసెల గిర్రున తిప్పి వదిలింది. ఉండ వెనక్కెళ్ళి, అప్పుడే ఆరేసిన ఆయన చొక్కాకు తగిలింది.

"అయ్యో, మళ్ళీ ఉతకాలి!"

"ఇకనుంచి ఉతుకుడు నాది. నువ్వు ఇంకోటి విసురు."