పులిసిన ట్యాంకు

పాల ఫ్యాక్టరీ మురుగునీటి ట్యాంకు దగ్గర కొత్త ఇంజనీరు, ఆమె తాతయ్య నిలబడ్డారు.

"అప్పట్లో ఇది పులిసిపోతే బతికించింది నేనొక్కణ్ణే!"

"మళ్ళీ పులిసింది తాతయ్యా. లోపల మురుగు తిని గ్యాసు వదిలే సూక్ష్మజీవులు చచ్చిపోతున్నాయి, గ్యాసు లేదు. ఖాళీ చేసెయ్యమంటున్నారు మేనేజరుగారు."

"వద్దే తల్లీ! నేనిక్కడ పనిచేసేప్పుడు మేమూ ఇలాగే మురుగు పోసి తెగ మేపాం. 'కడుపుబ్బినదానికి ఇంకా పెడతారా? పస్తుంచండి' అంది క్యాంటీన్లో పనిచేసే మీ నానమ్మ. అప్పటికింకా పెళ్ళి కాలేదులే."

"అయితే బతికించింది నానమ్మన్నమాట!"

"మురుగొచ్చే కుళాయి కట్టేసింది నేనేగా! నాలుగోరోజుకల్లా గొట్టం చివర గ్యాసు మంట వెలిగింది. మీ నానమ్మ చప్పట్లు కొట్టింది."

"నాలుగు రోజులేనా? ఇప్పుడే వెళ్ళి గడువు అడుగుతా."

"ఆగవే! నాలుగన్నది నా కల్పన. నలభై పట్టింది. రోజూ సాయంత్రం ఇద్దరం ఇక్కడే కూచునేవాళ్ళం. ఇంకొన్నాళ్ళు ఆ మంట వెలక్కపోతే బాగుండనిపించేది నాకు. నువ్వు నలభై అడుగు."