వెనక బండి నంబరు

అసలు ఇదేం రూలండీ, నాకు తెలియక అడుగుతాను! చక్రాలున్నాయి, కప్పుంది, కిటికీ ఉంది, వెనక ఎర్రదీపాలు కూడా ఉన్నాయి. అయినా కారు వెనక తగిలించుకుని లాగే నా కారవాన్‌కి, ఇంజను లేదని, సొంత నంబరు ఉండకూడదట! ఏ కారు లాగితే ఆ కారు నంబరే వెనక తగిలించుకోవాలట. రేపు ఇంకో కారు లాగితే ఇంకో నంబరు. అంటే ఏంటి, ముందు ఎవరూ లేకపోతే మేమెవరో ఎవరికీ అక్కర్లేదా?

కూర్చుంటాను సార్, కూర్చునే మాట్లాడతా. అరవట్లేదు, నా గొంతే అంత. రోజంతా కుట్టుమిషను చప్పుడులో మాట్లాడేదాన్ని, అలవాటైపోయింది.

ఆఁ, మీ ట్రాఫిక్ వాళ్లు తీసిన ఫోటోలో ఉన్నది నా బండే. కాదని ఎవరన్నారు? చిరిగిన జేబులు, పాడైన జిప్పులు, పొడుగైన ప్యాంట్లు... అన్నీ అందులో కూర్చునే బాగుచేస్తాను. ఒకరోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఒకరోజు ఆసుపత్రి దగ్గర. మా పక్కింటి ప్లంబరు పనికి పోతూ పోతూ తన కారుకి తగిలించుకుని అక్కడ దింపుతాడు, సాయంత్రం మళ్లీ లాక్కొస్తాడు. పాపం మంచివాడే, కానీ మాటలే ఉండవు. పావుగంట దారిలో "ఎండగా ఉందమ్మా" అంటాడు, అంతే. వాన పడుతున్నా ఒకసారి అదే అన్నాడు.

నంబరు మాత్రం ఆయన కారుది కాదు, నిజమే. మా అక్క కారుది.

పద్దెనిమిదేళ్లు ఆ బండిని లాగింది మా అక్కేనండీ. డ్రైవింగు తనది, కుట్టు నాది. స్టీరింగు పట్టుకుంటే నాకు చేతులు వణుకుతాయి, సూదిలో దారం ఎక్కించమంటే తనకి ఏడుపొస్తుంది. "ఇద్దరం కలిస్తే పూర్తిగా ఒక మనిషవుతామే" అని నవ్వేది. రివర్సు చేసేటప్పుడు నేను దిగి వెనక నిలబడి "రా, రా, ఇంకా రా, ఆగు" అని కేకలేసేదాన్ని. అద్దంలో చూసుకోవచ్చు కదా? ఊహూఁ, నా కేకే వినాలి తనకి.

వెళ్లిపోయి రెండేళ్లయింది. కారుతో సహా. యాభై ఏడో ఏట పెళ్లి చేసుకుంది, నవ్వకండి. గడియారాలు బాగుచేసే ఆయన్ని.

అదే చెప్తున్నా కదా, నంబరు ప్లేటు మార్చడం మర్చిపోయాను. స్క్రూలు తుప్పుపట్టిపోయాయి. పైగా నాకు కళ్లు సరిగా ఆనవు. ఏంటి? మరి సూదిలో దారం ఎలా ఎక్కిస్తానంటారా? అబ్బో, బాగానే పట్టుకున్నారు!

మూడు నోటీసులా? తెలుసండీ. మూడూ బండి ఆపకూడని చోట ఆపినందుకే. అవన్నీ ఆ నంబరు మీదే... ఆగండాగండి, ఏమన్నారు? మొదటి రెండూ కట్టేశారా? ఎవరు కట్టారు? ఇంకోసారి చూసి చెప్పండి బాబూ, ఆ కంప్యూటరు ఇటు తిప్పండి.

మా అక్కే కట్టిందా!

కాస్త మంచినీళ్లు ఇప్పిస్తారా.

ఫోటో చూసే కట్టి ఉంటుంది కదండీ? నా బండని తెలిసే కట్టి ఉంటుంది. నన్ను ఒక్క మాటైనా అడక్కుండా, కిక్కురుమనకుండా కట్టేసింది చూడండి!

సరే, ఇక దాచేదేముంది? రాసుకుంటే రాసుకోండి. నేనేం మర్చిపోలేదు. ప్లంబరు మొదటి వారమే తన నంబరుతో కొత్త ప్లేటు చేయించి ఇచ్చాడు. అది మిషను కింద సొరుగులో, జిప్పుల డబ్బా పక్కనే ఉంది. చిలక్కి చెప్పినట్టు చెప్పాడు కూడా, "బిగించెయ్యండమ్మా, లేకపోతే నోటీసులన్నీ ఆ పాత కారావిడ ఇంటికి పోతాయి" అని. అది విన్నాక నేనెందుకు బిగిస్తానండీ? ఆయన తర్వాత చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆయన్నేమీ అనకండి, తప్పంతా నాదే.

అక్కకి రాసిన నా ఉత్తరాలు విప్పకుండానే తిరిగొచ్చాయి. ఫోను చేస్తే ఎత్తదు. మీ కవరైతే ప్రభుత్వానిది, ముద్ర ఉంటుంది, ఎవరైనా విప్పక తప్పదు. అందుకే రోడ్డు పక్కన బండి ఆపకూడదని గీసిన ఎర్రగీత ఎక్కడుందో వెతుక్కుని మరీ దింపించుకున్నాను. మీవాళ్లు ఫోటో తీసే వేళకి చక్కగా తల దువ్వుకుని కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. మూడోసారికైతే జుట్టుకి రంగు కూడా వేశాను. నేను బాగానే ఉన్నానని తెలియాలి కదా. మరీ హాయిగా ఉన్నాననుకుంటుందేమోనని నవ్వలేదు.

ఆ తర్వాత కళ్లల్లో వత్తులేసుకుని చూశానండీ. తిట్టడానికైనా వస్తుందని. వీధిలో ఏ కారు ఆగినా లేచి నిలబడేదాన్ని. ఒంటికాయ సొంటికొమ్ములా పడున్నాను. ఇంట్లో నాతో పాటు మాట్లాడేది రేడియో ఒక్కటే, అది నా మాట వినదు, దాని గోల దానిదే.

మరి మూడోది? కట్టలేదా? మీకు ఉత్తరం రాసిందా? ఏదీ, ఇటివ్వండి. నేనే చదువుకుంటా, కళ్లద్దాలున్నాయి.

"ఫోటోలో ఉన్న బండి నాది కాదు. అందులో కూర్చున్న ఆవిడ ఎవరో నాకు తెలియదు."

లేదండీ, బాగానే ఉన్నాను. అబద్ధం రాసిందని తనమీద కేసు పెడతారా? వద్దు బాబూ, అది తన మాట కాదు. నాది.

పెళ్లికి పిలవడానికి వచ్చింది సార్. ఆయన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. "నువ్వు పక్కన లేకపోతే నాకు ఎలాగోలా ఉంటుందే, రావే" అంది గుమ్మంలో నిలబడి. "నువ్వెవరో నాకు తెలియదు" అన్నాను. ఆయన ముందే అన్నాను. అని తలుపేసుకున్నాను. చాలాసేపు అక్కడే నిలబడింది, చెప్పుల చప్పుడు వినబడుతూనే ఉంది. తను వెళ్లిపోతే నా గతేంటని భయమేసిందండీ. భయంగా ఉందక్కా అంటే సరిపోయేది. ఆ మాట నోటికి రాలేదు, ఇది వచ్చింది.

ఎక్కడ పెట్టాలి సంతకం? ఇక్కడా? ఇంటికి పోగానే కొత్త ప్లేటు బిగించేస్తాను. ఇక మా అక్కకి మీ కవర్లేవీ పోవు.

సార్, ఒక్కటి అడుగుతా, కాదనకండి. ఆ ఉత్తరం జిరాక్సు ఇస్తారా? రూలు ఒప్పుకోదా?

ఎవరో తెలియదనే రాసింది, నిజమే. కానీ మా అక్క చేతిరాత చూసి రెండేళ్లయిందండీ.